ఎవరి చేతిలో ఆగింది

నలుగురు కలిసి ఒక తాడు లాగుతున్నప్పుడు ప్రతి ఒక్కరికీ ఒకటే అనిపిస్తుంది, బరువంతా నా మీదే ఉందని, పక్కవాళ్లు ఊరికే చేతులు ఆనించారని. ఈ సంగతి నేను ఎక్కడా చదివి చెప్పడం లేదు. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక. ఇరవై ఏళ్ల వయసులో, కట్టుకున్నవాడు బావి అడుగున ఉండగా, అరచేతుల తోలు ఊడిపోయేలా తాడు పట్టుకుని తెలుసుకున్నాను.

మాది బావులు తవ్వే ఇల్లు. పల్నాట్లో బావి తవ్వడమంటే మట్టి తోడి పోయడమే అనుకునేవాళ్లుంటారు. వాళ్లు ఒకసారి వచ్చి గడ్డపార వేసి చూడాలి. రెండు నిలువులు దిగీ దిగకముందే నాపరాయి తగులుతుంది. అక్కణ్ణుంచి సమ్మెటతో రాయికి బెజ్జం కొట్టి, అందులో మందు దట్టించి, వత్తి పెట్టి పేల్చాల్సిందే. వత్తి ముట్టించినవాణ్ణి అది కాలేలోపు పైనున్నవాళ్లు తాడుతో లాగేయాలి. మా ఇంట్లో ముట్టించేవాడు మా ఆయన. లాగేవాళ్లం నలుగురం. మా మామ, మా బావ, బావ భార్య, నేను. బావ భార్యను నేను అక్కా అనేదాన్ని. అంటే ఏదో ప్రేమ కారిపోయిందని కాదు, తోడికోడల్ని అలా పిలవాలి కాబట్టి పిలిచాను.

బావి మీద రెండు గుంజలు పాతి గిలక కట్టేవాళ్లు. తాడు ఆ గిలక మీదుగా వస్తుంది. మేం ఒడ్డుకు పది అడుగుల దూరంలో వరసగా నిలబడి లాగుతాం. మందు పెట్టిన రోజు ఒడ్డున ఎవరూ నిలబడకూడదు, రాళ్లు పైకి ఎగురుతాయి. కాబట్టి లోపలున్న మనిషి ఎక్కడిదాకా వచ్చాడో, ఎలా ఉన్నాడో మాకెవరికీ కనపడదు. మాకున్నదంతా చేతిలో తాడు, చెవిలో మామ గొంతు. మామ తాడు మొదట్లో నిలబడి "ఊఁ" అంటే అందరం ఒక్కసారి లాగాలి. "ఆఁ" అంటే ఒక చెయ్యి బిగించి పట్టి రెండో చెయ్యి ముందుకు మార్చాలి. ఊఁ, ఆఁ. ఆరు నిలువుల బావిలోంచి ఇరవై పైచిలుకు ఊఁలకు మనిషి ఒడ్డుకొస్తాడు. ఆ తర్వాత ఆయనే గుంజ పట్టుకుని బయటికి దూకుతాడు.

మామకు ఒక పట్టుదల ఉండేది. రాళ్ల తట్ట అయితే ఎవరు లాగినా ఒప్పుకునేవాడు. మందు పెట్టిన రోజు మాత్రం కొత్త చెయ్యి తాడును తాకకూడదు. ఎవరి చేతులు మనిషిని దించాయో ఆ చేతులే తీయాలి, అవీ ఎప్పుడూ కలిసి లాగే చేతులే అయుండాలి. దారిన పోయేవాడు ఒక చెయ్యి వేస్తానంటే దణ్ణం పెట్టి పంపేసేవాడు. నాకు పెళ్లయిన కొత్తలో ఇదంతా ముసలాయన చాదస్తం అనుకునేదాన్ని. ఎక్కువ మంది పడితే తేలికే కదా, దానికింత రాద్ధాంతమెందుకని.

ఆ ఏడు గురజాల అవతల ఒక ఆసామి మిరపతోటలో బావి తవ్వుతున్నాం. యుద్ధం రోజులు. మందు దొరకడమే గగనం, వత్తి అయితే ఇంకా కష్టం. అంతకుముందు రెండు మూరల వత్తి పెట్టేవాళ్లం, దాన్ని ఒక మూరకు తగ్గించుకోవాల్సి వచ్చింది. అంటే మామ ముప్పై ఊఁలు అనేలోపు పేలిపోతుంది. మనిషి రావడానికి ఇరవై రెండు. మిగిలింది ఎనిమిది. ఆ ఎనిమిదిలోనే మా ఆయన ప్రాణం ఉందని నాకు ప్రతిసారీ గుర్తొచ్చేది.

అలాంటి రోజుల్లో మా బావకు చలిజ్వరం పట్టుకుంది. రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చిన రోజు రెండు గొంగళ్లు కప్పినా వణికేవాడు, రాని రోజు మామూలుగా తిరిగేవాడు. ఆ రోజు జ్వరం వచ్చే రోజే. కానీ బెజ్జాలు కొట్టడం ముందు రోజే అయిపోయింది. మందూ దట్టించేశాం, అలాగే ఉంచితే చెమ్మ పట్టి పాడవుతుంది. ఆసామి వచ్చి తల మీద నిలబడ్డాడు.

"ఏందిరా, ఇయ్యాల కూడా కూకుంటారా? నారు ఎండి చస్తంది," అన్నాడు మామతో.

"పెద్దోడికి జొరమయ్యా. నాలుగో చెయ్యి లేదు. రేపు పొద్దున్నే కానిస్తాం," అన్నాడు మామ.

"నాలుగో చెయ్యి నేను లేనా? ఎడ్లబండి ఒంటి చేత్తో ఎత్తినోణ్ణి. లే, కానీయ్."

మనిషి నిజంగానే పోతపోసినట్టుండేవాడు. మామ తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. దారిన పోయేవాడైతే దణ్ణం పెట్టి పంపేవాడు. పొలం ఎవరిదో, బావి ఎవరిదో ఆయనకు ఎలా చెబుతాడు, నీ చెయ్యి పనికిరాదని? మా ఆయన వంక చూశాడు. మా ఆయన తాడు నడుముకు చుట్టుకుని, చివర ఉచ్చులో కాలు పెడుతూ, "కానీయ్ నాయనా, ఏంగాదులే," అన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, ఎదుటివాళ్లు ఇబ్బంది పడుతుంటే చూడలేడు. నాకు ఒళ్లు మండింది. కానీ మామ ముందు నోరెత్తే కోడల్ని కాను.

మామ మొదట, నేను రెండో దాన్ని, నా వెనక ఆసామి, చివర అక్క. దించడం బాగానే దించాం. కాసేపటికి లోపల్నుంచి కేక వచ్చింది, ముట్టించానని.

"ఊఁ."

లాగాం. బరువు ఎప్పటికంటే తేలిగ్గా వచ్చింది. ఆసామి చెయ్యి అంత బలమైంది మరి. రెండు, మూడు, నాలుగు. అయిదో దానికి నాకు ఏదో తేడా తెలిసింది. మామ ఆఁ అన్నప్పుడు మేం చెయ్యి మారుస్తుంటే, నా వెనక తాడు లాగబడుతోంది. మేం లాగుతున్నప్పుడు వెనక ఊరికే ఉంటోంది. ఆసామికి మామ గొంతు వినపడుతూనే ఉంది, కానీ ఆయన జీవితంలో ఇంకొకడి మాటకు చెయ్యి కదిపిన మనిషి కాదు. తనకు కుదిరినప్పుడు తను లాగుతున్నాడు. చెబుదామనుకున్నాను. ఊఁ, ఆఁల మధ్య మాట పెడితే వరస తప్పుతుందన్న భయంతో పళ్లు బిగబట్టాను.

పన్నెండో పదమూడో అయింది. ఆఁ అన్నాడు మామ. మేం ముగ్గురం చేతులు మార్చుకునే ఆ రెప్పపాటులో బరువంతా ఆసామి ఒక్కడి చేతుల్లో పడింది. అలా పడుతుందని ఆయన అనుకోలేదు. హడలిపోయి పట్టు సడలించాడు. తాడు నా అరచేతుల్లోంచి కాలుస్తూ పోయింది. ఎంత పోయిందో తెలియదు, ఒక బార ఉంటుంది. నేను కేక వేశానట, నాకు గుర్తులేదు. నాకు గుర్తున్నది మోకాళ్ల మీద పడి, తాడును మణికట్టుకు ఒక చుట్టు చుట్టి, కళ్లు మూసుకుని బిగబట్టడం.

తాడు ఆగింది.

"ఊఁ," అన్నాడు మామ. గొంతు వణికింది.

లాగాం. ఈసారి తాడు తేలిగ్గా వచ్చింది, మొదట్లో కంటే కూడా తేలిగ్గా. నాలో ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ బలం అనుకున్నాను. చేతులు మండుతున్నాయి, కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి, అయినా నేను లాగితే ఆయన వస్తున్నాడు. నేను, నేనే లాగుతున్నాను. ఆ క్షణంలో నాకు మామ లేడు, అక్క లేదు, ఆసామి అసలే లేడు. ఇరవై ఎనిమిది లెక్కపెట్టేసరికి గుంజ దగ్గర ఆయన చెయ్యి కనపడింది. ఒడ్డు దాటి పడి, దొర్లి, లేచి పరిగెత్తాడు. మేమూ పరిగెత్తాం. వెనక బావి పేలింది. చిన్న చిన్న రాళ్లు మా వీపుల మీద రాలాయి.

ఆయన మోచేతులు, మోకాళ్లు దోక్కుపోయాయి. రెండు వేళ్ల గోళ్లు ఊడి రక్తం కారుతోంది. పడ్డప్పుడు గోడకు రాసుకుని ఉంటాడనుకున్నాం. మనిషి దక్కాడు, ఇక గోళ్ల సంగతి ఎవరికి పట్టింది?

ఆ సాయంత్రం మా గుడిసె ముందు జరిగిన తతంగం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆసామి ఊళ్లోవాళ్లను నలుగుర్ని వెంటేసుకొచ్చి, ఎర్రబడ్డ అరచేతులు చూపించాడు.

"నా చేతిలో ఆగింది గాబట్టి సరిపోయింది. లేకపోతే పిల్లోడు ఏమయ్యేవాడు?" అన్నాడు.

వాళ్లు వెళ్లీ వెళ్లకముందే మామ నడుం పట్టుకుని, "ఆయన చేతిలో ఆగిందంటయ్యా. ఆగింది నా నడుం మీద. నరం పట్టేసింది చూడు," అన్నాడు.

"నేను రాయికి కాలు తన్నిపెట్టి పడుకుండిపోయా మామా. లేకపోతే మీరందరూ బావిలోనే," అంది అక్క.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మణికట్టు మీద తాడు చుట్టిన గాటు చూపించి, "ఇది ఎట్టా వచ్చిందక్కా? నేను గాజులేసుకుంటే వచ్చిందా?" అన్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూడకుండా సంగటి తిన్నాం. ఎవరి చేతిలో జారిందో మాత్రం ఎవరూ అనలేదు. మామ రెండు మూడుసార్లు అక్క వైపు అనుమానంగా చూశాడు. ఆసామి పేరు ఎత్తే ధైర్యం ఎవరికుంది? మా ఆయన కట్టు కట్టుకున్న వేళ్లతో తంటాలు పడుతూ తిన్నాడు.

తెల్లవారాక ఆయన నా అరచేతులకు ఆముదం రాస్తున్నాడు. బావకు జ్వరం దిగింది. ఆ రోజు ఇంకో రెండు బెజ్జాలు పేల్చాలి. చెయ్యి మంట, రాత్రి నుంచి కడుపులో కోపం, అన్నీ కలిసి బయటికొచ్చాయి.

"అందరూ గొప్పలు చెప్పుకుంటుంటే నోట్లో ముద్ద పెట్టుకుని కూకున్నావు. నిన్ను లాగింది ఎవరో నీకు తెలవదా? నేను మోకాళ్ల మీద పడి పట్టుకోబట్టి గదా నువ్వున్నావు. ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

ఆయన రాయడం ఆపలేదు. తలెత్తకుండానే అన్నాడు.

"ఎవరూ లాగలేదే."

"ఏందీ?"

"తాడు జారినప్పుడు నా కాలు ఉచ్చులోంచి ఊడి గోడలో ఒక రాతి అంచు మీద పడింది. చేతికి ఇంకో అంచు దొరికింది. అక్కణ్ణుంచి నేనే ఎక్కా. అంచులు పట్టుకుని గోక్కుంటా ఎక్కా. మీరు లాగింది నడుం దగ్గర వదులుగా ఉన్న తాడు. నేను పైకొచ్చే కొద్దీ అది మీకు వచ్చింది."

నేను చెయ్యి లాక్కున్నాను. అబద్ధం అన్నాను. తేలిగ్గా వచ్చింది గదా, గుర్తులేదా అన్నాడు. అప్పుడు నాకు గోళ్లు గుర్తొచ్చాయి. పడేవాడి గోళ్లు ఊడవు, పాకేవాడి గోళ్లు ఊడతాయి. నా జన్మలో అంత బలం నాకెప్పుడూ ఉన్నట్టు అనిపించలేదు, ఆ బలంతో నేను లాగింది ఒట్టి తాడు. ఆ పదిహేను ఊఁల్లో ఆయన ఒక్కడే ఉన్నాడు, మేం నలుగురం పైన నిలబడి ఆయన్ను బతికిస్తున్నామనుకుంటున్నాం. ఎక్కుతూ ఎక్కుతూ ఆయన కాలు జారితే మా చేతులు ఆపేవేమో. ఆపేవి కావేమో కూడా. ఆ సంగతి ఇప్పటికీ ఎవరూ చెప్పలేరు.

"మరి రాత్రి ఎందుకు చెప్పలా?" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"చెబితే ఏమైద్ది? మా నాయన గొంతులో బెరుకొచ్చిద్ది. ఆ బెరుకు మీ చేతుల్లోకొచ్చిద్ది. నేను ఇయ్యాల మళ్లీ దిగాల. మీ చేతుల్లో నేనున్నానని మీరు గట్టిగా అనుకుంటేనే మీకు లాగడం వచ్చిద్ది. అందుకని మాట్టాడలా. నీ చేతులు ఇట్టా అయినాయని చూసి ఉండబట్టలేక నీకు చెప్పా. నాయనకు చెప్పమాకు."

తనను వదిలేసిన తాడని తెలిసి కూడా మళ్లీ అదే తాడు కట్టుకుని దిగడానికి లేచాడు. నేనైతే జన్మలో దిగేదాన్ని కాను.

బావి దగ్గరికి వెళ్లేసరికి ఆసామి తలగుడ్డ నడుముకు బిగించి సిద్ధంగా ఉన్నాడు. బావ వచ్చాడు కదా, ఇక మీకెందుకు శ్రమ అని మామ నసిగాడు.

"నలుగురికంటే అయిదుగురు మంచిది గదరా. ఇయ్యాల నేను ముందు నిలబడతా. నిన్న మీ పస చూశాగా," అన్నాడు ఆసామి.

మామ చెయ్యి నడుం మీదికి పోయింది. పక్కకు జరిగి మొదటి చోటు ఇచ్చేస్తున్నాడు. మా ఆయన అప్పటికే ఉచ్చులో కాలు పెట్టాడు. ఎవరైనా ఏదన్నా అంటారేమోనని ఒక్కొక్కరి మొహం చూశాను. జ్వరంలో ఒళ్లు తెలియక పడున్న బావకు నిన్నటి సంగతే తెలియదు. అక్క నేల చూపులు చూస్తోంది. నీ వల్లే జారిందని ఆసామితో అంటే ఆ గడియలోనే మమ్మల్ని పొలంలోంచి తరిమేస్తాడు, మామ పరువు నడిబజార్లో పడుతుంది. పొద్దున విన్నది చెబితే మామ గొంతే పోతుంది. ఆ గొంతు లేకపోతే మా ఆయన లేడు. నోరు మూసుకుంటే ఆసామి మళ్లీ తాడు పడతాడు, అప్పుడూ ఆయన లేడు. కాలు పెట్టుకోవడానికి ప్రతిసారీ రాతి అంచు దొరకదు.

"మామా," అన్నాను. "నిన్న తాడు జార్చింది నేనే."

అందరూ నా వైపు తిరిగారు.

"నువ్వు ఊఁ అంటుంటే నా ధ్యాస నీ మాట మీద లేదు. ఇంత పెద్దాయన పక్కన తాడు పట్టుకున్నానని బెదురు. చెయ్యి ఆడలా, వదిలేశా. అయ్యగారు పట్టుకోబట్టి ఆగింది. ఇయ్యాల కూడా ఆయన పడితే నా చెయ్యి మళ్లీ జారిద్ది. దణ్ణం పెడతా, అయ్యగారిని దూరంగా కూకోమను."

ఒకరి తర్వాత ఒకరి మొహాలు మారడం చూశాను. అక్క నోరు తెరిచింది. బావ తల దించుకున్నాడు. ఆసామి నన్ను ఎగాదిగా చూసి, మీసం సవరించుకుని, పెద్దగా నవ్వాడు.

"నేనప్పుడే అనుకున్నా. ఆడదాని చెయ్యేరా అది. సర్లే, ఆ పిల్ల అంత బెదురుతుంటే నేనెందుకు? కానీయండి," అని వెళ్లి గట్టు మీద కూర్చున్నాడు.

మామ మాత్రం నవ్వలేదు. నా మొహంలోకి చూశాడు. పెళ్లయినప్పటి నుంచి నేను ఆయన వెనకే, రెండో చోట నిలబడి లాగేదాన్ని. ఆ చోటు పెద్దకొడుక్కి కూడా ఇవ్వకుండా నాకిచ్చాడు, చెయ్యి మంచిదని.

"ఆఖరుకి పో," అన్నాడు.

చివరికి వెళ్లి నిలబడ్డాను. మా ఆయన బావి ఒడ్డున గుంజ పట్టుకుని నా వైపు చూశాడు. ఆయన ఏదో అనబోతున్నట్టు అనిపించి తల అడ్డంగా ఊపాను. ఆయన దిగాడు.

ఆ రోజు తాడు చివర నిలబడి లాగుతుంటే, నాది ఎంత, ముందున్న ముగ్గురిది ఎంత అన్నది నాకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా లేదు. మామ గొంతు ఒక్కటే విన్నాను. ఆ గొంతులో బెరుకు లేదు. తప్పు ఎవరిదో తేలిపోయింది కదా, ఆయనకు మళ్లీ తన చేతుల మీద నమ్మకం వచ్చింది. ఇరవై రెండో ఊఁకు మా ఆయన ఒడ్డు దాటాడు. పేలిన తర్వాత రాళ్ల మధ్య కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. తప్పు చేసి ఏడుస్తోందనుకున్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. ఏ ఊళ్లో బావి తవ్వినా, మొగుడి తాడు వదిలేసిన పిల్ల అని నన్ను చూపించి చెప్పుకునేవాళ్లు. అక్కతో ఎప్పుడు పోట్లాట వచ్చినా చివరికి అక్కడికే వచ్చేది, నీలాగా నేను మొగుణ్ణి బావిలో వదల్లేదమ్మా అనేది. ఎన్నిసార్లు నిజం నాలుక చివరిదాకా వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి. ఒళ్లు ఉడికిపోయేది. ఒకసారి మా ఆయనే, ఇక చాల్లే, నేను చెబుతా అన్నాడు. ఇంకా తవ్వాల్సిన బావులున్నాయి గదా, ఊరుకో అన్నాను. నేనేదో మహా ఓర్పు గల మనిషినని కాదు. అక్క మీద నాకున్న కసి ఈ జన్మకు తీరదు. కానీ మామ నోట్లోంచి ఆ ఊఁ వచ్చినంతకాలం నా మొగుడు పైకొస్తాడు. అంతకంటే నాకేం కావాలి?

ఆ తర్వాత మూడేళ్లకు మామ మంచాన పడ్డాడు. దగ్గుతో మనిషి సగమైపోయాడు. ఒక మధ్యాహ్నం నేను గంజి తాగిస్తుంటే చేత్తో గిన్నె పక్కకు పెట్టించాడు. మా ఆయన కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

"అమ్మాయ్, ఆ రోజు అందర్లో నిన్ను ఆఖరుకి పొమ్మన్నా. మనసులో పెట్టుకున్నావా?"

"లేదు మామా."

"పెట్టుకోమాక. చిన్నదానివి, బెదిరావు. ఎవరికైనా జరుగుద్ది. నువ్వు వదిలినా నేను పట్టుకున్నా గదా. ఆసామి ఏం పట్టుకున్నాడు, వాడి మొహం. నేను పట్టుకోకపోతే నా కొడుకు దక్కేవాడా?"

మా ఆయన తల ఎత్తాడు. పెదవులు కదిలాయి. నేను ఆయన వైపు చూడలేదు. ముసలాయన నా మొహంలోకే చూస్తూ, జవాబు కోసం చూస్తున్నాడు. ఆ కళ్లల్లో భయం ఉంది. అన్నాళ్లూ ఆయన కూడా ఆ ప్రశ్నతోనే బతికాడని నాకు అప్పుడు తెలిసింది.

"నువ్వు పట్టుకోబట్టే దక్కాడు మామా," అన్నాను.